‘ఇంకా గట్టిగా నొక్కు’ అని చెప్పే యంత్రం: మన షెడ్డుకి, మన ఆఫీసుకి ఏ ఏఈడీ?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కడం, నేర్పుతున్నాను. క్యాంటీన్ బల్లలు పక్కకి జరిపి, నేల మీద బొమ్మని పడుకోబెట్టి, ఏఈడీ, అంటే గుండెకి షాక్ ఇచ్చి ఏం చేయాలో మాటలతో చెప్పే యంత్రం, ఆన్ చేశాం. ముందుకొచ్చింది గ్యాస్ కటింగ్ దగ్గర హెల్పరుగా చేసే కుర్రాడు. మంచి బలమున్న చేతులు. అయినా బొమ్మ పాడైపోతుందేమోనని భయపడుతూ పైపైనే నొక్కుతున్నాడు. యంత్రం ‘పుష్ హార్డర్’ అంది. రెండోసారీ అంది. వాడు చేతులు తీసేసి నా మొహం చూసి, ‘ఏటంటంది సార్?’ అన్నాడు. ‘ఇంకా గట్టిగా నొక్కమంటోంది నాన్నా’ అన్నాను. మళ్ళీ మొదలెట్టేసరికి పది సెకన్లు పోయాయి. అది బొమ్మ కాబట్టి సరిపోయింది.

ఏ ఏఈడీ కొనాలి అని నన్నెవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ కుర్రాడే. మీ ప్లాంటులో ఎవరైనా కుప్పకూలితే పక్కనుండేది డాక్టరు కాదు, సేఫ్టీ మేనేజరూ కాదు. అలాంటి హెల్పరో, సెక్యూరిటీ గార్డో, పక్క సీటు అమ్మాయో ఉంటారు. యంత్రాన్ని వాళ్ళ చేతులకీ, వాళ్ళ చెవులకీ సరిపోయేలా ఎంచుకోవాలి.

హార్ట్ ఎటాక్ వేరు, గుండె ఆగిపోవడం వేరు. హార్ట్ ఎటాక్‌లో రక్తనాళం మూసుకుపోతుంది. మనిషికి నొప్పి ఉంటుంది, చెమటలు పడతాయి, మాట్లాడుతూనే ఉంటాడు. గుండె ఆగిపోయినప్పుడు మనిషి ఉన్నపళాన పడిపోతాడు, పిలిస్తే పలకడు, ఊపిరి ఉండదు. లేదా గురక లాంటి ఎగశ్వాస నాలుగైదు సార్లు వస్తుంది. ఆ గురక చూసి ‘ఊపిరి ఆడుతోందిలే’ అనుకుని వదిలేసినవాళ్ళని చూశాను. ఒళ్ళు కాస్త కొట్టుకుంటే ఫిట్సనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టినవాళ్ళనీ చూశాను. చాలామందిలో ఆ క్షణాన గుండె పూర్తిగా నిలిచిపోయి ఉండదు. లయ తప్పి, కొట్టుకోకుండా గిలగిలా వణుకుతూ ఉంటుంది. దాన్ని దారిలోకి తెచ్చేది షాక్. కరెంటు షాక్ తగిలిన మనిషి గుండె కూడా చాలాసార్లు ఇలాగే వణుకుతుంది. వెల్డింగ్ సెట్లు, గ్రైండర్లు, టెంపరరీ లైన్లు ఉన్న ప్రతి షెడ్డుకీ ఈ యంత్రం కావాలనేది ఇందుకే. ముందు మెయిన్ ఆపాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి.

సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఎవరైనా ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ తరుగు 3, 4 శాతానికి దిగుతుంది. షిఫ్టు మారే వేళ కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా హైవే ఎలా ఉంటుందో మనకి తెలిసిందే. 108కి ఫోన్ చేయాలి, ఒకరు గేటు దగ్గర నిలబడి దారి చూపించాలి. కానీ ఆ సైరన్ వినపడే లోపల జరగాల్సింది మన చేతుల మీదే జరగాలి.

ఆ చేతులు ఏం చేయాలో లెక్క ఉంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకుండా, ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనిస్తూ నొక్కాలి. చదవడానికి తేలికే. చేసి చూడండి, 5 సెంటీమీటర్లు ఎంత లోతో అప్పుడు తెలుస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద మన సముద్రపు ఉక్కలో నిమిషం గడిచేసరికి చేతులు బరువెక్కుతాయి, లోతు తగ్గిపోతుంది. తగ్గిన సంగతి నొక్కేవాడికి తెలియదు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలనే నియమం అందుకే పెట్టారు. ఆ సంగతి చూసి చెప్పడమే ‘కోచింగ్’ ఉన్న ఏఈడీ పని.

ఇక్కడే అమ్మేవాళ్ళ మాటల్లో గందరగోళం ఉంటుంది. ‘సీపీఆర్ కోచింగ్ ఉంది సార్’ అని అందరూ అంటారు. దాంట్లో మూడు రకాలున్నాయి.

మొదటిది తాళం వేసేది. టక్ టక్ టక్ అని మెట్రోనోమ్ కొడుతుంది, దానికి తగ్గట్టు నొక్కమంటుంది. మీరు నొక్కారా, ఎంత లోతు నొక్కారు, అసలు చేతులు ఛాతీ మీద ఉన్నాయా అన్నది దానికి తెలియదు. ఫిలిప్స్ హార్ట్‌స్టార్ట్ హెచ్ఎస్1, ఎఫ్ఆర్ఎక్స్ ఈ రకం. వాటిలో సీపీఆర్ సాయం కావాలంటే మెరుస్తున్న నీలం బటన్ నొక్కాలి, కంగారులో ఆ బటన్ మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. హార్ట్‌సైన్ 350పి కూడా తాళం దగ్గరే ఆగుతుంది.

రెండోది ఛాతీకి అంటించే ప్యాడ్ల గుండా చూసేది. ఛాతీ నొక్కినప్పుడల్లా రెండు ప్యాడ్ల మధ్య విద్యుత్ నిరోధం కొద్దికొద్దిగా మారుతుంది. హార్ట్‌సైన్ 500పి ఆ మార్పుని చదివి ‘ఇంకా గట్టిగా’, ‘ఇంకా వేగంగా’, ‘నెమ్మదిగా’ అని చెబుతుంది. సెంటీమీటర్లు చెప్పలేదు. అయినా నొక్కడం సరిపోతోందా లేదా అన్న సంగతి చెబుతుంది, చేతి కింద అదనపు పరికరం అక్కర్లేదు. లైఫ్‌పాక్ సీఆర్2 కూడా ప్యాడ్ల గుండానే నొక్కుళ్ళని గుర్తిస్తుంది. దానిలో ఇంకో గొప్ప సుగుణం ఉంది: మీరు నొక్కుతుండగానే గుండె లయని పరిశీలించగలదు. మిగతా యంత్రాల్లో ప్రతి రెండు నిమిషాలకీ ‘ముట్టుకోకండి’ అని ఆపి చూస్తాయి, ఆ ఆగిన సెకన్లలో మెదడుకి రక్తం అందదు.

మూడోది చేతి కింద కొలిచేది. జోల్ ఏఈడీ ప్లస్‌లో రెండు ప్యాడ్లూ కలిసి ఒకటే ముక్కగా వస్తాయి, మధ్యలో చిన్న బిళ్ళ ఉంటుంది. అది రొమ్ము ఎముక మీద కూర్చుంటుంది, దాని మీదే చేయి పెట్టి నొక్కుతాం. లోపలున్న యాక్సెలరోమీటర్ కదలికని కొలిచి లోతు లెక్కకడుతుంది. చిన్న తెర మీద గీత లేస్తుంది, చాలకపోతే ‘పుష్ హార్డర్’ అంటుంది, సరిపోతే ‘గుడ్ కంప్రెషన్స్’ అంటుంది. దాని తర్వాత వచ్చిన జోల్ ఏఈడీ 3లో రంగుల తెర ఉంది, చూపించేదీ వివరంగా ఉంటుంది. చేయి ఎక్కడ పెట్టాలో బిళ్ళే చూపిస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకి తడబాటు తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: మనిషి సోఫా మీదో పరుపు మీదో ఉంటే, కింద దిగిపోయినదంతా లోతుగానే లెక్కలోకి వస్తుంది. ఆఫీసులో సోఫాలో కూలిన మనిషిని ముందు నేల మీదకి దించాలి, అది ఏ యంత్రానికైనా వర్తిస్తుంది.

కోచింగ్ ఉంటే నొక్కుడు బాగుపడుతుందన్నది పదేపదే కనిపించిన సంగతి. దానివల్ల బతికినవాళ్ళ సంఖ్య పెరిగిందా అంటే అధ్యయనాల మాట ఒక్కటిగా లేదు. అందుకని కోచింగ్ ఉందని ట్రైనింగ్ మానేయడానికి వీల్లేదు. ఏడాదికోసారి కూడా బొమ్మ మీద చేతులు పెట్టని చోట మాత్రం మూడో రకం యంత్రం చాలా మేలు చేస్తుంది. నా అనుభవంలో మన పరిశ్రమల్లో ఎక్కువ చోట్ల పరిస్థితి అదే.

ఇక భాష. బ్రోషర్‌లో ‘మల్టీ లాంగ్వేజ్’ అని ఉంటుంది. ఆ భాషల్లో మన తెలుగు ఉందా, ఉంటే అది మనిషి మాట్లాడినట్టుందా, మీ చెవులతో వినండి. మన షెడ్లలో ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకి హిందీ కావాలి. ఇంగ్లీషు తప్ప వేరే దారి లేకపోతే, యంత్రం అనే ముఖ్యమైన మాటలు ఆరేడే ఉంటాయి, అవి ముందే నేర్పేయవచ్చు. వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘నో షాక్ అడ్వైజ్డ్’. దాన్ని ‘షాక్ అక్కర్లేదు, బాగానే ఉన్నాడు’ అని కొందరు, ‘ఇక లాభం లేదు’ అని కొందరు అర్థం చేసుకుని చేతులు తీసేస్తారు. దాని అసలు అర్థం: ఈ లయకి షాక్ పనిచేయదు, నువ్వు నొక్కడం మాత్రం ఆపకు.

చప్పుడు సంగతి బ్రోషర్‌లో ఉండదు. గ్రైండింగ్ నడుస్తుంటే పక్కవాడి కేకే వినపడదు, యంత్రం గొంతు ఎక్కడ వినపడుతుంది? అలాంటి చోట తెర ఉన్నది కావాలి. ఏఈడీ ప్లస్‌లో మాటలు తెర మీద అక్షరాలుగా కూడా వస్తాయి, గీత కంటికి కనపడుతుంది. 500పి మీద ఏం చేయాలో చూపించే గుర్తుల దగ్గర లైట్లు వెలుగుతాయి. హెచ్ఎస్1, ఎఫ్ఆర్ఎక్స్‌లలో తెర లేదు. వాటి గొంతు మాత్రం నిదానంగా ఉంటుంది, మీరు ఒక పని చేసేదాకా ఆగి మళ్ళీ చెబుతుంది. ప్రశాంతమైన ఆఫీసులో అది నిజంగా బాగుంటుంది.

మన ఊరి గాలి గురించి వేరే చెప్పాలి. బీచ్ రోడ్డులో బాల్కనీ గ్రిల్లు ఎన్నేళ్ళు నిలుస్తుందో మనకి తెలుసు. ఫిషింగ్ హార్బర్, షిప్‌యార్డ్, పోర్టు వైపు ఉన్నవాళ్ళు పెట్టె మీద రాసి ఉండే ఐపీ నంబరు చూసి కొనాలి. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. హెచ్ఎస్1ది ఐపీ21, అంటే పైనుంచి పడే చుక్కల వరకే, అది ఏసీ గదిలో ఉండాల్సిన యంత్రం. ఎఫ్ఆర్ఎక్స్, జోల్ రెండూ, సీఆర్2 ఐపీ55. హార్ట్‌సైన్ 500పి ఐపీ56. కొన్నాక వేలాడదీసే డబ్బా ఇనుముది అయితే దాని మడత బందులే ముందు తుప్పు పట్టి తలుపు తెరుచుకోదు, ఫైబర్‌ది తీసుకోండి. ఈ యంత్రాలు సాధారణంగా 0 నుంచి 50 డిగ్రీల మధ్య పనిచేస్తాయి. పడమటి ఎండ పడే రేకు గోడకి తగిలిస్తే మధ్యాహ్నం డబ్బా లోపల ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి. ప్యాడ్ల జిగురు ఎండిపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. చెమట కూడా శత్రువే. డబ్బాలో ఒక తువ్వాలు, రేజరు, కత్తెర తప్పకుండా పెట్టండి. తడిసిన ఛాతీకి ప్యాడ్ అంటుకోదు.

బరువు విషయంలో 500పి అన్నిటికంటే తేలిక, 1.1 కిలో. హెచ్ఎస్1 1.5, ఎఫ్ఆర్ఎక్స్ 1.6, ఏఈడీ ప్లస్ 3.1 కిలోలు. 1965లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అంబులెన్స్‌లోకి ఎక్కించిన మొదటి డీఫిబ్రిలేటర్ 70 కిలోలుండేదట. ఆ ఊరి నుంచే ఇప్పుడు అరచేతిలో పట్టే హార్ట్‌సైన్ వచ్చిందంటే ముచ్చటేస్తుంది. నిచ్చెనలెక్కి క్రేన్ మీదకో, ఓడ డెక్కు మీదకో మోసుకెళ్ళాల్సిన చోట తప్ప బరువు లెక్కలోకి రాదు.

ఖర్చు దగ్గర చాలా సంస్థలు దెబ్బతింటాయి. నేను గతంలో పనిచేసిన ఒక చోట టెండరు పిలిచి, ఎల్1, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్ళు, ఎవరొస్తే వాళ్ళ దగ్గర కొనేశారు. రెండేళ్ళ తర్వాత ఒక రోజు డబ్బా తెరిచి చూస్తే ప్యాడ్ల గడువు అయిపోయి ఏడు నెలలు. డీలర్ ఫోన్ పనిచేయడం లేదు. ఆ ఏడు నెలలూ గోడ మీద మేము ఒక ఖాళీ నమ్మకాన్ని వేలాడదీసుకున్నాం. అప్పటి నుంచీ నేను యంత్రం ధర ఒక్కటే చూడను, ఎనిమిదేళ్ళ ఖర్చు రాయించుకుంటాను.

ఎనిమిదేళ్ళకి హెచ్ఎస్1, ఎఫ్ఆర్ఎక్స్‌లకి ప్యాడ్లు రెండేళ్ళకోసారి చొప్పున మూడు సార్లు మార్చాలి, బ్యాటరీ నాలుగేళ్ళకి ఒకసారి. హార్ట్‌సైన్‌లో ప్యాడ్లూ బ్యాటరీ కలిపి ఒకటే ప్యాడ్-ప్యాక్, నాలుగేళ్ళ గడువు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి మారిస్తే చాలు, గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ కూడా ఒక్కటే. అయితే వాడిన ప్రతిసారీ బ్యాటరీతో సహా మొత్తం మార్చాలి. సీఆర్2కి కూడా ప్యాడ్లకి, బ్యాటరీకి నాలుగేళ్ళు. జోల్ ఏఈడీ ప్లస్‌లో బిళ్ళ ఉన్న ప్యాడ్‌కి ఐదేళ్ళు, బ్యాటరీలకీ ఐదేళ్ళు. బ్యాటరీలు పాత ఫిల్మ్ కెమెరాల్లో వేసే 123 రకం లిథియం సెల్స్, పది కావాలి. కంపెనీ సూచించిన బ్రాండే వేయండి. ప్యాడ్ల గడువులు తయారైన తేదీ నుంచి నడుస్తాయి. డీలర్ గోడౌన్‌లో ఏడాది నిద్రపోయిన ప్యాడ్ మీకొస్తే ఆ ఏడాది మీరు నష్టపోయినట్టే. పర్చేజ్ ఆర్డరులోనే ‘సరుకు అందే నాటికి ఇన్ని నెలల గడువు మిగిలి ఉండాలి’ అని రాయండి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇచ్చే దిగుమతి లైసెన్సు కాపీ అడగండి, డీఫిబ్రిలేటర్లు మన దేశంలో ఔషధ నియంత్రణ కిందకి వస్తాయి. ఇవ్వడానికి నసిగితే వేరే డీలర్ని చూసుకోండి.

ఏది కొనమంటావు అంటే నా మాట ఇది. చప్పుడు, దుమ్ము, ట్రైనింగ్ సరిగా లేని మనుషులు ఉన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు, వర్క్‌షాపులు, గోడౌన్లకి జోల్ ఏఈడీ ప్లస్. డబ్బు ఉంటే ఏఈడీ 3. లోతు కంటికి చూపించడం అక్కడ ప్రాణంతో సమానం. రుషికొండ ఐటీ భవనాలు, సిరిపురం ఆఫీసులు, కాలేజీలు, హోటళ్ళకి హార్ట్‌సైన్ 500పి. చూసుకోవడం తేలిక, కోచింగ్ ఉంది, దుమ్ముకీ నీటికీ తట్టుకుంటుంది. పడవలు, జెట్టీల మీద పనిచేసేవాళ్ళకీ నేను దాన్నే చెబుతాను. నీళ్ళలో మునిగినవాళ్ళకి, గ్యాస్ పీల్చి పడినవాళ్ళకి షాక్ కంటే ముందు ఊపిరి కావాలి కాబట్టి, అక్కడ నోటి శ్వాస ఇవ్వడం వచ్చినవాళ్ళు ఉండాలి. మామూలుగా ఎదుటే కూలిన పెద్దవాళ్ళకి ఏ ట్రైనింగూ లేనివాళ్ళు ఛాతీ ఒక్కటే నొక్కినా చాలు. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ మామూలు జనానికి నేర్పే కోల్స్ పద్ధతి అదే. ఏటా రెండుసార్లు డ్రిల్ చేసే క్రమశిక్షణ ఉన్న సంస్థకి ఎఫ్ఆర్ఎక్స్ కూడా సరిపోతుంది, తాళం మాత్రమే ఉన్నా వాళ్ళ చేతులకి లోతు అలవాటై ఉంటుంది. సీఆర్2 మంచి యంత్రం. విశాఖలో దానికి సర్వీసు చేసే మనిషి ఎవరో డీలర్ పేరుతో, ఫోన్‌తో రాసిస్తేనే ముందుకెళ్ళండి.

ఒక్క మాట కచ్చితంగా చెప్పాలి. షెడ్డు 300 మీటర్లుంటే, కోచింగ్ ఉన్న ఒక యంత్రం కంటే చవక యంత్రాలు రెండు, రెండు కొసల్లో ఉండటమే మేలు. పడిపోయిన మూడు నిమిషాల్లోపు ప్యాడ్లు అంటుకోవాలన్నది లక్ష్యం. అంటే పరుగెత్తి వెళ్ళి తేవడానికి రానూపోనూ కలిపి అంతే సమయం. గ్రౌండ్ ఫ్లోర్ రిసెప్షన్‌లో అందంగా వేలాడే ఏఈడీ ఏడో అంతస్తులో మనిషికి అందదు. మధ్యలో యాక్సెస్ కార్డు తలుపులు రెండు, ఆగి ఆగి వచ్చే లిఫ్టు. నాలుగో అంతస్తు మెట్ల దగ్గర పెట్టండి. తాళం వేయొద్దు. ఎవరో ఎత్తుకుపోతారన్న భయముంటే తలుపు తీయగానే మోగే అలారం పెట్టించండి.

ఆడవాళ్ళ విషయంలో మనవాళ్ళు వెనకాడతారు, ఇది దాచి లాభం లేదు. ప్యాడ్లు ఒంటికే అంటుకోవాలి, బట్టల మీద కాదు. కత్తెరతో కోసి తీసేయాలి. డబ్బాలో ఒక దుప్పటి పెట్టండి, ఇద్దరు దాన్ని తెరలా పట్టుకుంటే పని చేసేవాళ్ళకి మొహమాటం పోతుంది. గొలుసో తాయెత్తో ఉంటే పక్కకి జరిపితే చాలు.

కొనే ముందు రోజు డీలర్ని కాన్ఫరెన్స్ హాలుకి పిలవకండి. షెడ్డులోకి పిలవండి. గ్రైండర్లు ఆపకండి. మీరు షార్ట్‌లిస్టు చేసిన రెండు యంత్రాలకీ డెమో ప్యాడ్లు తెమ్మనండి. బొమ్మని సిమెంటు నేల మీద పడుకోబెట్టి, సేఫ్టీ ఆఫీసరుని కాకుండా ఒక హెల్పరుని, ఒక గార్డుని, క్యాంటీన్ ఆవిడని పిలిచి, ఏమీ చెప్పకుండా రెండేసి నిమిషాలు చేయించండి. మాట ఎవరికి అర్థం కాలేదు, ఎన్నిసార్లు ఆగి మీ మొహం చూశారు, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. తక్కువసార్లు ఆగిన యంత్రాన్ని కొనండి.

ఆటోనగర్ షెడ్డువాళ్ళు అలాగే చేశారు. కొన్నది ఇంగ్లీషు మాట్లాడే యంత్రమే, తెర మీద గీత ఉందని. డబ్బా మూత లోపల తెలుగులో, హిందీలో స్టిక్కరు అంటించారు. తెలుగులో ఏం రాయాలో ఆ కుర్రాడే చెప్పాడు:

పుష్ హార్డర్ అంటే – ఇంకా గట్టిగా నొక్కు.
గుడ్ కంప్రెషన్స్ అంటే – బాగుంది, అలాగే నొక్కు.
డోంట్ టచ్ పేషెంట్ అంటే – అందరూ చేతులు తీయండి.
షాక్ అడ్వైజ్డ్ అంటే – ఎవరూ ముట్టుకోవద్దు, మెరిసే బటన్ నొక్కు.
నో షాక్ అడ్వైజ్డ్ అంటే – ఆపొద్దు, నొక్కుతూనే ఉండు.

గేటు దగ్గర గార్డు రోజూ పొద్దున వాహనాల రిజిస్టరులో మొదటి వరుసలో డబ్బా కిటికీలో ఆకుపచ్చ టిక్కు కనపడిందో లేదో రాస్తాడు. ఎర్ర గుర్తు కనపడితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు అదే పేజీ మీద ఉంది.